పాలిన్ ఉద్యోగం వెతుక్కుంటూ గురజాల దాకా

పల్నాడు వెళ్ళినవాళ్ళు చూడవలసినవి చాలా ఉన్నాయి. నేను మాత్రం గురజాల దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ చూడటానికి వెళ్ళాను. ఎత్తయిన తెల్లగోడలు, కిటికీలు లేవు, ముందర ఒక రేకుల షెడ్డు. లోపల అంతా ఎండుమిర్చి. ఉత్తర ఇంగ్లండులో నేనుండే చిన్న ఊళ్ళో ప్రతి ఇంటికీ దాని ఫొటో చేరింది. అదెలా జరిగిందో ముందు చెప్పాలి.

ఈ వసంతంలో మా నియోజకవర్గానికి ఉప ఎన్నిక వచ్చింది. అక్కడ ప్రచారమంటే మైకులూ బండ్లూ ఉండవు. వీధి తలుపుకు ఉత్తరాలు వేసే సందు ఒకటి ఉంటుంది. అందులోంచి కరపత్రాలు పడుతుంటాయి. పిజ్జా కొట్టువాళ్ళ కాగితాలూ అందులోంచే పడతాయి కాబట్టి రెండూ కలిసిపోకుండా చూసుకోవాలి. ఆ దేశంలో నివాసముండే భారతీయులకు ఓటు ఉంది. నాకూ ఉంది. అందుకని నేను అన్నీ చదువుతాను.

అప్పటికే పదవిలో ఉన్న పార్టీవాళ్ళ కరపత్రంలో, పెద్ద గోదాము ఒకటి కట్టించి ఊరికి వెయ్యి కొత్త ఉద్యోగాలు తెచ్చామని ఉంది. పసుపు కోట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు చేతులు కలుపుతున్న ఫొటో వేశారు. ఆ గోదాము కట్టవలసిన స్థలం నేను పనికి వెళ్ళే బస్సులోంచి రోజూ కనిపిస్తుంది. అందులో రెండు గుర్రాలు మేస్తుంటాయి.

వాళ్ళ మీద పోటీ చేస్తున్నవాళ్ళ కరపత్రంలో, ‘మీ మూడు వందల ఉద్యోగాలు ఎక్కడికి పోయాయో చూడండి’ అని ఉంది. దాని కింద ఒక పెద్ద తెల్ల భవనం, గేటు ముందు టిఫిన్ క్యారియర్లతో వరసగా ఆడవాళ్ళు. గేటు మీద బోర్డు తెలుగులో ఉంది. ఏదో దేవుడి పేరు, తర్వాత ‘మిర్చి కోల్డ్ స్టోరేజ్, గురజాల’.

వాళ్ళ తరఫున ఇంటింటికీ పంచుతూ ఆ కరపత్రం నా తలుపులో వేసింది పక్కింటి పాలిన్. గ్యాసు బిల్లుల ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసేది. పోయిన చలికాలంలో మూడు వందల మందినీ తీసేసి ఆ ఆఫీసు మూసేశారు. పని ఇండియాకు పోయిందన్నది నిజమే. ఏ ఊరికి పోయిందో వాళ్ళకెవరూ చెప్పలేదు. నేను ఆ దేశంలో దిగిన కొత్తలో ఏ బస్సెక్కాలో, ఏ డబ్బాలో ఏ చెత్త వెయ్యాలో నేర్పింది పాలినే. ఆదివారం పూట ఇద్దరం కలిసి బజారుకు వెళతాం.

“పాలిన్, ఇది మిరపకాయలు దాచే గోదాము” అన్నాను.

“నీకెలా తెలుసు?”

“బోర్డు మీద రాసి ఉంది. నేను చదవగలను.”

ఆమె కాసేపు బోర్డు వంక చూసింది. “నువ్వు అలాగే అంటావులే. మీవాళ్ళు కదా” అంది. కోపంగా అనలేదు. వర్షం పడేట్టుంది అన్నట్టు అంది. ఆ ఆదివారం బజారుకు నాతో రాలేదు.

అనకాపల్లిలో చెల్లెలి గృహప్రవేశానికి ఎలాగూ నేను ఇండియా రావలసి ఉంది. వెళ్ళేముందు పాలిన్ తలుపు కొట్టి, గురజాల కూడా వెళ్ళి చూసి వస్తానని చెప్పాను. “సరే. నా కుర్చీలో ఎవరు కూర్చున్నారో కూడా చూసి రా” అని తలుపు వేసుకుంది.

నరసరావుపేట

గృహప్రవేశం మర్నాడు రైలెక్కి నరసరావుపేటలో దిగాను. ఎండకు ప్లాట్‌ఫారం మీద కుక్కలు కూడా లేవు. స్టేషను బయట హోటల్లో ఇడ్లీ అడిగితే, మీద కారప్పొడి పరిచి, దాని మీద నెయ్యి పోసి, పక్కన ఇంకో కారం పెట్టారు. మా అనకాపల్లిలో బెల్లం పండుతుంది. మనుషుల నోళ్ళు దానికి తగ్గట్టు అలవాటు పడతాయి. నేను మూడు గ్లాసుల నీళ్ళు తాగడం చూసి సర్వరు, “కొత్తా?” అని అడిగాడు. నలభై రూపాయలకు అంత కారం ఇంకెక్కడా ఇవ్వరు.

అక్కడే మస్తాన్ పరిచయమయ్యాడు. హోటలు పక్కన అతనికి కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. సొంత కారు ఒకటి బాడుగకు తిప్పుతాడు. నన్ను ‘అక్కా’ అన్నాడు. మా వైపు ‘ఏటి’ అనే చోట వీళ్ళు ‘ఏంది’ అంటారు. నేను ‘ఏటి’ అన్నప్పుడల్లా అతను మర్యాదకు నవ్వు ఆపుకున్నాడు. కరపత్రం చూపించాను.

“ఇది గురజాల కాడ కోటేశ్వరరావు గారి కోల్డు స్టోరేజీ గదా. మా మామ దాని మిషన్లు రిపేరు చేశాడు. ఇంగ్లీషులో ఏం రాశారక్కా?”

చెప్పాను. అతను మళ్ళీ ఫొటో చూశాడు. “ఇంతకీ అక్కడ ఓటుకు ఏమిస్తారు?”

“ఈ కాగితం ఇస్తారు.”

“ఒట్టి కాగితమేనా?”

“అంతే.”

“చానా కష్టం అక్కా” అన్నాడు, ఆ దేశం మీద జాలితో.

గురజాల

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రటి పరుపుల్లా ఆరబోసి ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీ గేటు ఫొటోలో ఉన్నట్టే ఉంది.

కోటేశ్వరరావు గారు అరవై ఏళ్ళ రైతు. భూములున్న కుటుంబం. రాబోయే పంచాయతీ ఎన్నికల్లో నిలబడతారని దారిలోనే మస్తాన్ చెప్పాడు. లండన్ నుంచి మనిషి వచ్చిందనగానే ఆయన చొక్కా మార్చుకుని వచ్చారు. నేనుండేది లండన్ కాదు, అక్కడినుంచి నాలుగు గంటల ప్రయాణం అని చెప్పాను. ఆయన దాన్ని చిన్న విషయంగా భావించి వదిలేశారు.

లోపలికి తీసుకెళ్ళి చూపించారు. బయట ఎండ మండిపోతుంటే లోపల ఇంగ్లండులో మా ఊరి నవంబరు చలి. గోనె బస్తాలను ఇక్కడ టిక్కీలంటారు. అవి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. “ఇక్కడ ఎవరైనా ఫోన్లు ఎత్తే ఉద్యోగాలు చేస్తారాండీ?” అని అడగబోయాను. ‘ఇక్కడ’ అనేలోగా మిర్చి ఘాటు ముక్కుకెక్కి తుమ్ములు మొదలయ్యాయి. నన్ను బయటికి తీసుకొచ్చి మజ్జిగ తాగించారు. మిగతా ప్రశ్న షెడ్డులో పూర్తి చేశాను. ఫోన్ ఒకటుంది, దాన్ని తనే ఎత్తుతానని ఆయన చెప్పారు.

రేకుల షెడ్డులో పాతికమంది ఆడవాళ్ళు కింద కూర్చుని కాయలకు తొడిమలు తీస్తున్నారు. నా చేతిలో కాగితం చూసి ఒక అమ్మాయి లేచి వచ్చింది. ముక్కుకు చుట్టుకున్న గుడ్డ కిందికి లాగింది.

“ఈ ముందర నిలబడింది నేనే. ఈ క్యారియరు మా అమ్మది.”

ఆమె పేరు నాగమణి. బీకాం చదివింది. ఊళ్ళో వేరే పని దొరక్క సీజనుకు ఇక్కడికి వస్తుంది. ఆ ఫొటో ఎప్పుడు, ఎవరు తీశారో ఎవరికీ గుర్తులేదు. కింద ఏం రాశారని అడిగింది. మా పక్కింటామె ఉద్యోగం నీకిచ్చారని రాశారు అన్నాను. నాగమణి ఎర్రబడిన వేళ్ళు చూసుకుంది.

“ఏం ఉద్యోగం?”

“ఫోన్లో గ్యాసు బిల్లుల గురించి మాట్లాడటం.”

“కుర్చీలోనేనా?”

“కుర్చీలోనే.”

“బాగుంటది” అని వెళ్ళి మళ్ళీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

కోటేశ్వరరావు గారు కరపత్రాన్ని ఫోనుతో ఫొటో తీసుకున్నారు. నేను ప్రతి వాక్యం తెలుగులో చెప్పి, ఇదంతా తప్పుడు ప్రచారమని కూడా చెప్పాను.

“అంటే అక్కడి మూడొందల ఉద్యోగాలు ఈడకి వచ్చినయ్యని వాళ్ళే రాశారు.”

“రాశారు. నిజం కాదండీ.”

“రాశారా, లేదా?”

“రాశారు.”

“చాలమ్మా” అని ఎవరినో పిలిచి శాలువా తెప్పించారు. నాకు కప్పి ఫొటో తీయించుకున్నారు. ఈ ప్రాంతంలో అతిథులను బాగా గౌరవిస్తారని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

మాచర్ల

ఆ సాయంత్రం మాచర్ల లాడ్జిలో దిగి పాలిన్‌కు వీడియో కాల్ చేశాను. అక్కడ మధ్యాహ్నం. వెనక వాన కనిపిస్తోంది. షెడ్డు, టిక్కీలు, తొడిమలు, అన్నీ తీసిన వీడియో చూపించాను. నా తుమ్ములు కూడా అందులో ఉన్నాయి.

పాలిన్ మొత్తం చూసి, “వెనకాల ఆ నీలం తలుపు ఏమిటి?” అంది.

“బాత్రూము.”

“లోపలికి వెళ్ళి చూశావా?”

“వెళ్ళాను పాలిన్. అవసరమై వెళ్ళాను.”

ఆమెకు నవ్వు వచ్చింది, కానీ నవ్వలేదు. ఆ అమ్మాయి పేరేమిటని అడిగింది. చెప్పాను. రెండుసార్లు తప్పుగా పలికి, మూడోసారి ఇంచుమించు సరిగ్గా పలికింది. తొడిమలు తీస్తే ఏమిస్తారని అడిగింది. అదీ చెప్పాను. “రోజుకా, గంటకా?” అంది. రోజుకు అన్నాను. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది.

“మిగిలిన కరపత్రాలు నా హాల్లోనే ఉన్నాయి. మోకాలు నొప్పిగా ఉందని వాళ్ళకు చెబుతాను” అంది చివరికి.

మా ఇద్దరి స్నేహం అలా మళ్ళీ మొదలైంది. ఆ ఎన్నిక ఏమైందో కూడా ఇక్కడే చెప్పేస్తాను. గుర్రాల పొలంవాళ్ళూ ఓడారు, మిరపకాయలవాళ్ళూ ఓడారు. మూడో అతను గెలిచాడు. అతని కరపత్రంలో ఉద్యోగాల ఊసే లేదు. కుక్కలకు పార్కు కట్టిస్తానని ఉంది.

విజయపురి సౌత్

వచ్చిన పని అయిపోయింది కాబట్టి మర్నాడు సాగర్ చూద్దామనుకున్నాం. విజయపురి సౌత్‌లో బస్సుల కోసం ఎదురుచూసేవాళ్ళు, పాత ఇరిగేషను క్వార్టర్లు, వాటి మధ్య చేపలు వేయించి అమ్మే బండ్లు ఉన్నాయి. కృష్ణ అవతలి ఒడ్డు తెలంగాణ. తనకు చేపలు ఇటువైపు, కోడలు అటువైపు దొరికారని చేపల బండి ఆమె చెప్పింది. చేప ముక్కలకు పట్టించిన కారం చూసి నేను ముందుగానే నీళ్ళ సీసా కొనుక్కున్నాను. అలవాటు పడుతున్నాననిపించింది.

సగం చేప తినేసరికి మస్తాన్ తన ఫోను నా ముందు పెట్టాడు. “అక్కా, ఇది నువ్వేనా?”

వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫ్లెక్సీ ఫొటో. గురజాల సెంటర్లో కట్టారట. మధ్యలో కోటేశ్వరరావు గారు చేతులు జోడించి ఉన్నారు. వెనక మా ఊరి కరపత్రం బాగా పెద్దది చేసి వేశారు. ‘లండన్ నుంచి మన ఊరికి మూడు వందల ఉద్యోగాలు. తెచ్చింది ఎవరు?’ అని పైన రాశారు. కింద శాలువాతో నేను. ‘లండన్ ప్రతినిధి శ్రీమతి సత్యవతి గారు.’

నా పేరు సరిగ్గానే రాశారు. మిగతాది ఏదీ సరిగ్గా లేదు. మిగిలిన చేప మస్తాన్‌కు ఇచ్చేశాను.

మళ్ళీ గురజాల

గురజాల సెంటర్లో కారు ఆగగానే కుర్రాళ్ళు చుట్టూ చేరారు. అందరి చేతుల్లోనూ సర్టిఫికెట్ల ఫైళ్ళు. బీటెక్ చదివినవాళ్ళు, డిగ్రీ చదివినవాళ్ళు, అన్నయ్య ఫైలు పట్టుకొచ్చిన ఒక చెల్లెలు. నేను ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తానని చెప్పాను. ఒకతను, “ఆస్పత్రిలో అయినా పర్లేదు మేడం” అన్నాడు.

వాళ్ళ వెనకనుంచి నాగమణి వచ్చింది.

“పొద్దున మేస్త్రి నా పేరు పిలవలా” అంది. “లండన్ ఉద్యోగం వచ్చిందంటగా, బొమ్మ కూడా వేశారు, నీ చోటు వేరేవాళ్ళకిచ్చా అన్నాడు. లేదంటే నమ్మలా. దాచిపెడతన్నా అనుకుంటన్నారు.”

పాలిన్ ఉద్యోగం ఇక్కడికి రాలేదు. ఆ మాట మాత్రం వచ్చి, ఈ అమ్మాయికున్న పనిని కూడా పోగొట్టింది. దాన్ని నా సంచిలో పెట్టుకుని తెచ్చింది నేనే.

కోటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన సాయంత్రం సభకు కుర్చీలు వేయిస్తున్నారు.

“అబద్ధం కదండీ అది” అన్నాను.

“మీ కాడ అంత పెద్ద పార్టీవోళ్ళు అబద్ధం వేశారంటావా?”

“వేశారండీ.”

“మరి వాళ్ళు వేయొచ్చు, నేను వేయగూడదా? ఎలక్షన్లు అయిందాకా ఓపిక పట్టమ్మా. సభలో నీకు ముందు వరసలో కుర్చీ వేయించా.”

కుర్చీ నిజంగానే ముందు వరసలో ఉంది. ఊరంతా వచ్చింది. ఆయన నన్ను స్టేజీ మీదికి పిలిచి పరిచయం చేసి, రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆస్పత్రిలో నా మాట వినేది వాషింగు మిషన్లే.

“నేను ఎవరి ప్రతినిధినీ కాను” అన్నాను. “ఆ కాగితం అక్కడి ఎన్నికల కోసం వేసింది. అందులో ఉన్నది నిజం కాదు. ఉద్యోగాలేమీ రాలేదు. దయచేసి ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వొద్దు. నాగమణికి ఏ ఉద్యోగమూ రాలేదు. ఆమె పని ఆమెకు ఇవ్వండి.”

తర్వాత వెనకనుంచి ఒకాయన, “ఈమెను అవతలోళ్ళు పంపారు” అన్నాడు. ఆ మాట వరసల వెంట ముందుకు వచ్చింది. ముందు వరసకు వచ్చేసరికి ఎంత ఇచ్చి పంపారో కూడా తెలిసిపోయింది. ఇంతలో ‘అవతలోళ్ళ’ మనిషి ఒకతను మెట్ల పక్కనుంచి వంగి, “మేడం, రేపు మా మీటింగుకు కూడా రావాలి. శాలువా తెప్పిస్తాం” అన్నాడు.

‘నువ్వు అలాగే అంటావులే’ అన్న పాలిన్ మాట అప్పుడు మరోలా వినిపించింది. ఆమెకు నామీద ద్వేషం ఉందనుకున్నాను. ఎన్నికలప్పుడు మనిషికి ఏదో ఒక వైపు ఉండి తీరాలని అందరూ అనుకుంటారు. అంతే.

నేను దిగబోతుంటే నాగమణి పైకి వచ్చి నా చేతిలో మైకు తీసుకుంది.

“పెదనాన్నా, మూడొందల ఉద్యోగాలన్నారు. బొమ్మలో ముందర ఉంది నేను. అందులో మొదటిది నాదే గదా. రేపొద్దున ఎన్నింటికి రమ్మంటారు?”

కోటేశ్వరరావు గారు నవ్వారు. జనం నవ్వలేదు. ఫోన్లు పైకి లేచి వీడియో తీస్తున్నాయి. ఆయన నవ్వు ఆపారు.

“తొమ్మిదింటికి రామ్మా.”

“ఏం పనికి?”

“నువ్వు బీకాం గదా. కాటా గదిలో. చీటీలు రాసే మనిషి కావాలి ఎట్టాగూ.”

“జీతం?”

“మాట్లాడుకుందాంలేమ్మా.”

“ఇప్పుడే మాట్లాడండి. అందరూ ఉన్నారుగా.”

ఆయన ఒక మొత్తం చెప్పారు. ఆమె ఇంకో మొత్తం చెప్పింది. ఇద్దరూ మైకులోనే చెప్పారు. జనం ఆమె మొత్తానికి చప్పట్లు కొట్టారు. ఆయన చేతులు జోడించారు. ఒప్పుకున్నట్టు లెక్క అని మస్తాన్ నాకు చెప్పాడు.

ఫైలు పట్టుకున్న ఒక కుర్రాడు లేచి, “మిగతా ఉద్యోగాలు?” అని అడిగాడు.

“దశలవారీగా” అన్నారు కోటేశ్వరరావు గారు. ఆ కుర్రాడు నిలబడే ఉన్నాడు. కాసేపటికి ఫైలు జిప్పు వేసుకుని వెళ్ళిపోయాడు. తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చోవడం అంత తేలిక కాలేదు.

కాటా గది

మర్నాడు నరసరావుపేటకు తిరిగి వెళుతూ కోల్డ్ స్టోరేజీ దగ్గర ఆగాం. నిజంగా పని ఇచ్చారో లేదోనని నాకు అనుమానం. ఇచ్చారు. గేటు పక్కన లారీలనూ ట్రాక్టర్లనూ తూచే కాటా ఉంది. నేలకు సమంగా పరిచిన ఇనప పలక, పక్కన చిన్న గది, దాని మీద ఎర్ర అంకెలు కనబడే పెట్టె. గదిలో నాగమణి కుర్చీలో కూర్చుని ఉంది. కొత్త చీర కట్టుకుంది.

కాటా మీద ఒక ఖాళీ ట్రాక్టరు ఉంది. దాని రైతు తువ్వాలు భుజాన వేసుకుని అంకెల వంక చూస్తున్నాడు. మిర్చి నిండుగా ఉన్నప్పుడు ఒకసారి తూచి, దింపాక ఖాళీ బండిని తూచి, తేడా చూస్తారట. ఖాళీ బండి బరువు ఎక్కువ చూపిస్తే రైతుకు ఆ మేరకు నష్టం.

అప్పుడే కోటేశ్వరరావు గారు పదిమందితో వచ్చారు. ఫొటోగ్రాఫరును కూడా తెచ్చారు. లండన్ ఉద్యోగాల్లో మొదటిది ఇచ్చేశామని ఇంకో ఫ్లెక్సీ వేయాలట. కిటికీలో నాగమణి కనబడేట్టు అందరూ ట్రాక్టరు పక్కన వరసగా నిలబడ్డారు. నన్నూ రమ్మన్నారు. నేను ఎండగా ఉందని చెప్పి కారులోనే ఉండిపోయాను.

నాగమణి కిటికీలోంచి తల బయట పెట్టింది.

“పెదనాన్నా, మీరంతా కాటా మీదున్నారు. దిగండి.”

“ఒక్క ఫొటో అమ్మా.”

“బరువు ఎక్కువ చూపిస్తంది. ముందు దిగండి.”

కోటేశ్వరరావు గారు కిందికి చూసుకున్నారు. తర్వాత రైతు వంక చూశారు. రైతు అంకెల వంకే చూస్తున్నాడు. ఆయన ముందుగా దిగారు. ఆయన వెనక మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దిగారు. ఎర్ర అంకెలు తగ్గుతూ వచ్చి ఒకచోట నిలిచాయి. నాగమణి వాటిని రాసి, చీటీ చింపి రైతు చేతికిచ్చింది.